గ్రహాలు ఆగకుండా ఎందుకు తిరుగుతున్నాయి? వాటిని నెమ్మదింపజేసేది ఏది?

తిప్పేవాళ్లెవరూ లేకుండా గ్రహాలు ఎలా తిరుగుతున్నాయి, ఎప్పటికైనా ఆగుతాయా అని అడిగారు. చిన్నప్పుడు చీపురుపల్లి దగ్గర మా ఊళ్లో కుమ్మరి తాత సారె ముందు కూర్చుని నేనూ ఇదే అడిగాను. కర్రతో గిరగిరా తిప్పి, కర్ర పక్కన పడేసేవాడు. కుండ మెడ తీసేదాకా సారె తిరుగుతూనే ఉండేది. "కర్ర తీసేసినా తిరుగుతోందేటి తాతా?" అంటే, "ఆపీది ఏటుంది బాబూ?" అన్నాడు.

అసలు జవాబు అదే. తిరిగేదాన్ని ఆపడానికే బలం కావాలి, తిరుగుతూ ఉంచడానికి అక్కర్లేదు. సారెకు కింద రాపిడి ఉంది, మట్టి మీద తాత చేతులున్నాయి. భూమి చుట్టూ ఉన్నది శూన్యం, గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. మరి మొదట తిప్పిందెవరు? దాదాపు 460 కోట్ల ఏళ్ల కిందట సూర్యుడి చుట్టూ సుడి తిరుగుతున్న ధూళీ రాళ్లూ ముద్దకట్టి గ్రహాలయ్యాయి. ఆ సుడే వీటికి వచ్చింది.

అయితే భూమికీ ఒక బ్రేకుంది. దాన్ని చూడాలంటే అమావాస్యకో పౌర్ణమికో కళింగపట్నం వెళ్లండి. వంశధార సముద్రంలో కలిసే చోట, పోటు వేళ మోకాలి లోతులో నిలబడ్డాను. ఏటి నీళ్లు వెనక్కి మళ్లి, పాదాల కింది ఇసుకను తోడేస్తూ పైకి పోతున్నాయి. ఆ రాపిడికి ఖర్చయ్యే శక్తి భూమి తిరుగుడులోంచే పోతోంది! చంద్రుడి ఆకర్షణకు సముద్రం ఉబ్బుతుంది. చంద్రుడు మనల్ని చుట్టి రావడానికి 27 రోజులు పైనే పడుతుంది, భూమి ఒక్క రోజులో తిరిగేస్తుంది. అందుకని ఆ ఉబ్బు చంద్రుడి కంటే కాస్త ముందుకు పోతుంది, అతడు దాన్ని వెనక్కి లాగుతాడు. భూమి పోగొట్టుకున్న తిరుగుడు చంద్రుడికి చేరి, అతడు ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. 1969లో మొదలుపెట్టి అపోలో యాత్రికులు అక్కడ ఉంచిన అద్దాల మీదికి లేజర్ పంపి కొలిచిన లెక్క ఇది.

దీనివల్ల రోజు పెరిగేది నూరేళ్లకు సెకనులో వెయ్యోవంతులు రెండు, అంతే. కానీ 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త పాతకాలపు పగడపు శిలాజాల మీద రోజుకొకటిగా పడిన సన్నగీతలు లెక్కపెట్టి, దాదాపు 38 కోట్ల ఏళ్ల కిందట ఏడాదికి సుమారు 400 రోజులుండేవని తేల్చాడు. అంటే రోజుకు 22 గంటలే. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక ఆగడం సంగతి. చంద్రుడికి భూమి వేసిన బ్రేకు ఎప్పుడో పని ముగించింది. మన చుట్టూ తిరిగే వ్యవధిలోనే తన చుట్టూ తానూ ఒక్కసారి తిరుగుతాడు, అందుకే మనకెప్పుడూ అదే ముఖం, అదే కుందేలు. భూమికి ఆ గతి పట్టేలోపే సూర్యుడి ఆయుష్షు తీరుతుంది.