ఆవిడ వచ్చేసరికి మీరు లేచి నిలబడ్డారు

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 67, మా ఆవిడకు 62. ఉద్యోగం చేసే రోజుల్లో ఏటా చిత్తూరు నుంచి తిరుమలకు నడిచేవాళ్ళం. తుంబురు తీర్థం, రామకృష్ణ తీర్థం కూడా కలిసే చూశాం. పిల్లల పెళ్ళిళ్ళు, మా అమ్మ జబ్బు వల్ల పదకొండేళ్ళు అన్నీ ఆగిపోయాయి. మళ్ళీ మొదలుపెడదామని మొన్న సంక్రాంతి తర్వాత శ్రీవారి మెట్టు నడకదారిలో తిరుమల ఎక్కాం. నేను ముందు వెళ్ళి అక్కడక్కడా కూర్చుని ఆమె కోసం కాచుకున్నాను. మోకాలు నొప్పి అంటే నొప్పి మాత్ర ఇచ్చాను. పాత రోజుల్లోలాగే దిగడం కూడా మెట్ల మీదే దిగాం. ఇంటికొచ్చాక మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ‘ఇక మీతో ఎక్కడికీ రాను’ అంటోంది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ‘ఈ వయసులో మీకెందుకు నాన్నా’ అని ఆమెనే సమర్థిస్తోంది. నాకు బీపీ ఉంది. టెల్మిసార్టాన్, నీళ్ళ మాత్ర (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసేది) వాడతాను. ఆమెకు షుగర్, గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్. చిత్తూరు నుంచి తిరుమలకు మళ్ళీ కలిసి నడవాలని నా కోరిక. ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించడం తర్వాతి మాట. ముందు ఆ రోజు మెట్ల మీద ఏం జరిగిందో లెక్క వేసి చూడండి. మీరు రెండు వందల మెట్లు ఎక్కి కూర్చున్నారు. ఐదు నిమిషాలకు ఆవిడ వచ్చారు. ఆవిడను చూడగానే మీరు లేచి ‘పోదామా’ అన్నారు. మీకు ఐదు నిమిషాల విశ్రాంతి దొరికింది, ఆవిడకు ఒక్క నిమిషం కూడా లేదు. శ్రీవారి మెట్టులో 2388 మెట్లున్నాయి. దారిలో ఇలా పదిసార్లు ఆగి ఉంటే మీరు దాదాపు గంటసేపు కూర్చున్నట్టు. అవే మెట్లు ఆవిడ ఒక్కసారి కూడా కూర్చోకుండా ఎక్కారు. కాచుకున్నానని మీరు రాశారు, అది నిజమే. కానీ ఆవిడ వైపు నుంచి చూస్తే, పొద్దుటి నుంచి కనిపించింది మీ వీపు ఒక్కటే. పైన ఎవరో తన కోసం కాచుకున్నారంటే, తాను ఆలస్యం చేస్తున్నానన్న బరువును కూడా మోస్తూ ఎక్కినట్టే. ఆ మూడు రోజుల మౌనంలో మోకాలి నొప్పి కన్నా ఇదే ఎక్కువ ఉందని నాకనిపిస్తోంది.

కాబట్టి క్షమాపణ అడగండి. ‘నీకు నొప్పి అని తెలియక’ అని మొదలుపెట్టకండి, నొప్పి అని ఆవిడ చెప్పారు కదా. ‘నేను కూర్చున్నాను, నిన్ను కూర్చోనివ్వలేదు, తప్పు నాది’ అని చెబితే చాలు. ‘ఇకనుంచి నీ కోసం మెల్లగా నడుస్తాను’ అని మాత్రం అనొద్దు. అది ఉపకారం చేస్తున్నట్టు ఉంటుంది. ‘ఈసారి నువ్వు ముందు నడువు’ అనండి, అన్నట్టుగానే నడవండి.

నడకలో ఇది మర్యాద కోసం పెట్టుకున్న నియమం కాదు. ఎంత పెద్ద బృందమైనా నెమ్మదిగా నడిచే మనిషే ముందుండాలి. వెనక ఉన్నవారు మడమలు తొక్కేంత దగ్గరగా రాకూడదు. విరామం గడియారం చివరి మనిషి కూర్చున్నప్పటి నుంచి మొదలవుతుంది. ఇద్దరూ కూర్చున్నాక ఐదు నిమిషాలు. లేచే మాట ఆవిడే అనాలి. వేగం సరిగ్గా ఉందా లేదా తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది: ఎక్కుతూ ఒక పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. గోవింద నామం మధ్యలో తెగిపోతుంటే వేగం ఎక్కువైనట్టే. మీరు బీపీకి బీటా బ్లాకర్ రకం మాత్ర కూడా వాడుతుంటే నాడి చూసి వేగం కట్టకండి. ఆ మాత్ర గుండె వేగాన్ని అంతగా పెరగనివ్వదు, మాటే సరైన కొలత.

శేషాచలంలో విడిపోయి నడవకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారిని బలి తీసుకున్న తర్వాత, భక్తులు గుంపుగా నడవాలని దేవస్థానం, అటవీ శాఖ గట్టిగా చెబుతున్నాయి. ఒకరు మలుపు దాటిపోయి ఇంకొకరు వెనక ఒంటరిగా మిగలడం ఆ అడవిలో మంచిది కాదు.

ఒక ప్రశ్న అడుగుతాను. ఆ రోజు పులిహోర ఎవరు కలిపారు? మీరు నాలుగున్నరకు లేచి స్నానం చేసి బయలుదేరి ఉంటారు. ఆవిడ రెండున్నరకే లేచి ఉంటారు. అంటే మీ నడక మెట్ల దగ్గర మొదలైంది, ఆవిడ నడక వంటింట్లోనే మొదలైంది. ఇకనుంచి నడక రోజు తిండి ముందురోజు సాయంత్రమే, మీ చేతులతో సర్దండి. పల్లీ చిక్కీ, వేయించిన శనగలు, రెండు అరటిపళ్ళు, ఒక పూట పులిహోర చాలు. తిరిగొచ్చాక రాత్రి వంట కూడా ఆవిడ మీద పడకూడదు. ఈ ఒక్క మార్పు ఆవిడ మోకాళ్ళకు ఎంత మేలు చేస్తుందో చూస్తారు.

ఇప్పుడు నొప్పి సంగతి. నొప్పి ఎక్కడ, ఎప్పుడు వచ్చిందో ఆవిడను అడగండి. మరుసటి రోజు మొదలై రెండో మూడో రోజున తొడల్లో ఎక్కువై తర్వాత తగ్గితే అది కండరాల నొప్పి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి, అలవాటు తప్పిన కండరానికి అది పెద్ద దెబ్బ. అది భయపడాల్సిందేం కాదు. మోకాలే వాచినా, మడతపడి బిగుసుకుపోయినా, నడుస్తుంటే ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపించినా ఎముకల డాక్టరును చూసే వరకు మెట్లు మానాలి. రెండింటినీ పెంచేది దిగడమే. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు మూడింతలకు పైగా భారం పడుతుంది. ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువ, దిగేటప్పుడు అరుగుదల ఎక్కువ. ఈ ఏడాదికి నడిచి ఎక్కడం, ఆర్టీసీ బస్సులో దిగడం అని పెట్టుకోండి. మొక్కు ఎక్కడానికే కదా.

నొప్పి మాత్ర ఇంకెప్పుడూ దారిలో ఇవ్వకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి నొప్పిని దాచేస్తాయి, మనిషి దెబ్బతిన్న కీలు మీదే నడుస్తూ పోతాడు. షుగర్ ఉన్నవారికి, చెమట పోసి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు, అవి మూత్రపిండాలకు చేటు. మీకైతే మరీ ప్రమాదం: టెల్మిసార్టాన్, నీళ్ళ మాత్ర, పైన నొప్పి మాత్ర, ఈ మూడూ కలిసి ఎండలో నడిస్తే మూత్రపిండాలు ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. నడక రోజుల్లో నీళ్ళ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడగండి, సొంతంగా ఆపకండి.

గ్లిమిపిరైడ్ వేసుకుని ఏమీ తినకుండా తెల్లవారుజామున నడిస్తే షుగర్ పడిపోతుంది. ఎక్కువ దూరం నడిచిన రోజు రాత్రి కూడా పడిపోవచ్చు. ఆ రోజుల మోతాదు డాక్టరుతో ముందే రాయించుకోండి. ఆవిడకు చేతులు వణికినా, చెమటలు పట్టినా, మాట తడబడినా వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయండి. చిక్కీ అప్పటికి పనికిరాదు, పల్లీల్లోని నూనె వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. షుగర్ వల్ల ఆవిడ పాదాలకు స్పర్శ తగ్గిందేమో చూపించండి. తగ్గి ఉంటే ఉత్త కాళ్ళతో ఎక్కే మొక్కు వద్దు, ఎండకు కాలిన రాయి తగిలినా తెలియదు. మీ ఇద్దరికీ డాక్టరు ఈసీజీ, అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించి ‘నడవొచ్చు’ అన్నాకే మెట్లు.

అటక మీద పాత నడక బూట్లు ఉంటే కిందికి దించి మడమ దగ్గర వేలితో నొక్కండి. వాడకుండా ఏళ్ళ తరబడి పెట్టిన బూట్ల అడుగు అట్టలోని ఫోమ్ గాలిలోని తేమకు పొడిపొడి అవుతుంది. పైకి కొత్తగానే ఉంటాయి, నడిచిన గంటలో అట్ట ఊడి చేతికొస్తుంది. కొత్తవి సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అర సైజు పెద్దవి తీసుకోండి. వేడిగా, గరగరగా అనిపించిన చోట బొబ్బ లేచే దాకా ఆగకుండా అప్పుడే కూర్చుని టేపు అతికించండి. ఆవిడకు రెండు చేతి కర్రలు, కింద రబ్బరు తొడుగుతో. నేల మీద ఆనిస్తే మోచెయ్యి తొంభై డిగ్రీల కోణంలో మడిచి ఉండాలి. దిగుడులో కర్రను నాలుగు వేళ్ళ వెడల్పు మేర పొడవు పెంచుకోవాలి. ఒక్కటే కర్ర ఉంటే నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో. మెట్ల మీద పసుపు, కుంకుమ, కర్పూరం మసి తడిస్తే జారుతుంది, మెట్టు అంచున కాకుండా పాదమంతా ఆనేలా అడుగు వేయాలి.

తయారీకి ఐదు నెలలు పట్టనివ్వండి. ఆగస్టులో మొదలుపెడితే సంక్రాంతి తర్వాతి చల్లని రోజులకు సిద్ధమవుతారు. వైకుంఠ ద్వారాలు తెరిచే పది రోజుల రద్దీ అప్పటికి తగ్గుతుంది. మొదటి నెల పీవీకేఎన్ కాలేజీ మైదానంలో వారానికి ఐదు రోజులు అరగంట నడక చాలు. తర్వాత వారానికి ఒక్క రోజు మాత్రం దూరం పెంచండి: నాలుగు కిలోమీటర్లు, ఐదు, ఆరు, నాలుగో వారం మళ్ళీ నాలుగే. ఇంట్లో రోజు విడిచి రోజు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పదిసార్లు, గడప ఎత్తు మెట్టు నుంచి మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగడం ఒక్కో కాలికి పదిసార్లు. ఈ రెండోది విసుగ్గా ఉంటుంది, కానీ మోకాలిని కాపాడేది అదే. నవంబరులో మెట్ల జోలికి పోకండి. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు.

మొదటి కొండ శ్రీవారి మెట్టు కాకూడదు. రెండు కిలోమీటర్ల దూరంలోనే అన్ని మెట్లున్నాయి, ఊపిరి తీసుకునే చదును తక్కువ. అలిపిరి దారి తొమ్మిది కిలోమీటర్లు, 3550 మెట్లు, కానీ సగానికి పైగా గాలిగోపురం లోపే అయిపోతాయి. ఆ తర్వాత చాలా దూరం కాళ్ళకు తెరిపి, మళ్ళీ చివర్లో మోకాళ్ళ మెట్టు. గాలిగోపురం దగ్గర ఇరవై నిమిషాలు తప్పనిసరిగా కూర్చోండి. దారి తెరిచే వేళలు మారుతుంటాయి, ముందురోజు కనుక్కోండి.

ఇక చిత్తూరు నుంచి నడక. దాదాపు డెబ్భై కిలోమీటర్లు మీరు అప్పట్లో రెండు మూడు రోజుల్లో నడిచి ఉంటారు. ఇప్పుడు రోజుకు పన్నెండు, పధ్నాలుగు మించకుండా ఆరు రోజులు అనుకోండి, మొదటి మజిలీ కాణిపాకం. ఎక్కువమందికి కాళ్ళు మొరాయించేది రెండో రోజు పొద్దున. అందుకే తయారీ చివర్లో శని, ఆది వరుసగా పది పది కిలోమీటర్లు నడిచి చూసుకోవాలి. తెల్లవారాక బయలుదేరి పదింటికల్లా ఆగండి. రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనిపించేలా నడవండి. సంచి ఒక్కొక్కరికి నాలుగు కిలోలు దాటకూడదు. గంటకు అర లీటరు నీళ్ళు. లీటరు ఓఆర్ఎస్ పొట్లమైతే మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే పాళ్ళు తప్పుతాయి. ఛాతీ బిగుసుకున్నా, నొప్పి దవడకో చేతికో పాకినా అక్కడే కూర్చుని 108కి ఫోన్ చేయాలి, ‘కాస్త దూరమే కదా’ అనుకోవద్దు.

మీ అమ్మాయితో వాదించకండి. ఏ రోజు ఎక్కడ ఆగుతారు, ఏ మాత్రలు వాడుతున్నారు, డాక్టరు ఏమన్నారు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంపండి. పొద్దున బయలుదేరేటప్పుడు, మజిలీ చేరాక ఫోన్ చేస్తామని చెప్పి, చెప్పిన వేళకు చేయండి. మీకు బాగోలేకపోయినా చెప్పరన్నదే ఆమె భయం.

ఇంత చేసినా మీ ఆవిడ రానంటే, ఆ మాటకు విలువ ఇవ్వండి. మైదానంలో అరగంట నడకకు మాత్రం రమ్మని అడగండి, తిరుమల పేరు ఎత్తకండి. నెల గడిచాక ఎంత దూరం, ఏ దారిన అన్నది ఆవిడే చెబుతారేమో చూడండి. చెప్పకపోతే మీరు తోటివారితో కలిసి వెళ్ళి రండి, ఆవిడ ఇంటి దగ్గర ఉన్నందుకు ఒక్క మాట కూడా అనకుండా.