గంజాయి మొక్కలపై ఎర్రనల్లి: వేపనూనె కొట్టవచ్చా?

ప్రశ్న: మేము కెనడాలోని ఒంటారియోలో ఉంటున్నాం. ఇక్కడి చట్టం ప్రకారం పెరట్లో కుండీల్లో నాలుగు గంజాయి మొక్కలు పెంచుతున్నాను. జూలై మధ్యకు వచ్చేసరికి కింది ఆకులపై ఇసుక చల్లినట్టు తెల్లచుక్కలు పడ్డాయి. ఆకు అడుగున సన్నటి గూడు కనిపిస్తోంది. ఊళ్లో వంగతోటకు కొట్టే ప్రొపర్‌గైట్, వేపనూనె రెండూ నా దగ్గర ఉన్నాయి. ఏది ఎంత మోతాదులో కొట్టాలి?

జవాబు: రెండూ కొట్టవద్దు.

మీరు చెప్పిన లక్షణాలు ఎర్రనల్లివే. మన వంగ, బెండ తోటల్లో ఆకు అడుగున చేరి రసం పీల్చేది కూడా ఈ కోవదే. ఆకు కింద తెల్లకాగితం పెట్టి తట్టండి, చుక్కల్లాంటివి కదులుతాయి. గూడు కట్టిందంటే పురుగు చేరి చాలా రోజులైనట్టే.

వంకాయను కడుగుతాం, వండుతాం. అందులో మందు అవశేషం ఎంత వరకు ఉండవచ్చో ఒక హద్దు కూడా ఉంది. గంజాయి పూతను ఎవరూ కడగరు. ఆరాక బరువు నాలుగో వంతుకో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది కాబట్టి గ్రాముకు చేరే మందు పెరుగుతుంది. ఆపైన దాన్ని కాల్చి పీలుస్తారు. బూడిద తెగులుకు వాడే మైక్లోబ్యుటానిల్ వేడికి విడిపోయి హైడ్రోజన్ సైనైడ్ వాయువును ఇస్తుంది. అందుకే కెనడాలో లైసెన్సు ఉన్న సాగుదారులు సరుకు అమ్మే ముందు మందుల అవశేషాల పరీక్ష చేయించాలి. ఇంట్లో పెంచుకునే మీకు ఆ పరీక్ష ఉండదు, జాగ్రత్త మీదే.

వేపనూనె సంగతి మనవాళ్లకు మింగుడుపడదు. అక్కడ దానికి పురుగుమందుగా అనుమతి లేదు. ఆకులకు మెరుపునిచ్చే ద్రవం పేరుతో అమ్ముతారంతే. పైగా జిగురు పూతకు నూనె పడితే వదలదు. ఏ సీసా కొన్నా లేబుల్‌పై పెస్ట్ కంట్రోల్ ప్రొడక్ట్స్ చట్టం కింద ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు, పంటల జాబితాలో కెనబిస్ (గంజాయి) పేరు రెండూ ఉండాలి.

ముందు నీళ్లతో మొదలుపెట్టండి. గూడు కట్టిన ఆకులు తుంచి సంచిలో కట్టి పారేయండి, కంపోస్టులో వేయొద్దు. మిగతా ఆకుల అడుగు భాగాన్ని పైపుతో గట్టిగా కడగండి. పొడి వేడి ఎర్రనల్లికి ఇష్టం, కుండీ ఎండిపోనివ్వకండి.

మర్నాడు సాయంత్రం, ఎండ దిగాక, పురుగులను చంపడానికే అమ్మే సబ్బు ద్రావణం కొట్టండి. గిన్నెలు తోమే సబ్బు ఆకును మాడుస్తుంది, అది పనికిరాదు. మోతాదు సీసాపై ఉన్నదే పాటించాలి, సాధారణంగా లీటరుకు 20 మి.లీ. చుట్టూ ఉంటుంది. ఉప్పునీటిలో సబ్బు విరిగి తెల్లటి తెట్టు కడుతుంది, వాననీరు వాడండి. ఒక ఆకుపై కొట్టి రెండు రోజులు చూశాకే మొక్కంతా తడపండి. తడిసిన పురుగే చస్తుంది కనుక ఆకు అడుగు వదిలేస్తే శ్రమంతా వృథా. గుడ్లకు ఏమీ కాదు. 27 డిగ్రీల దగ్గర గుడ్డు పది రోజుల లోపే పెద్ద నల్లి అవుతుంది. అందుకే అయిదు రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టాలి.

పూత రావడానికి ఇంకా రెండు మూడు వారాలుంటే, చివరి సబ్బు ఆరాక ఫైటోసియూలస్ పర్సిమిలిస్ అనే మిత్రనల్లిని వదలండి. ఇది ఎర్రనల్లినే తిని బతుకుతుంది. 2,000 నల్లులుండే సీసా నాలుగు మొక్కలకు సరిపోతుంది. వచ్చిన రోజే సాయంత్రం తడి ఆకులపై వదలాలి, నిల్వ పెడితే చచ్చిపోతాయి. గాలిలో తేమ 60 శాతం దాటితే బాగా పనిచేస్తాయి. పూతలో జిగురు పెరిగాక వదిలితే కాళ్లు అంటుకుపోయి నడవలేవు.

ఆగస్టులో పూత మొదలయ్యాక ఏ మందూ, సబ్బూ, నూనే కొట్టవద్దు. అప్పటికీ నల్లి మిగిలితే ఆ కొమ్మ నరికేయండి. సెప్టెంబరు వానలకు పూత లోపల బూజు కుళ్లు వస్తుంది. మొగ్గలోంచి ఒక్క ఆకు ఎండి తేలికగా ఊడివస్తే అది గుర్తు. కుళ్లిన మొగ్గతో పాటు కింద అయిదారు సెంటీమీటర్ల కొమ్మ కత్తిరించి పారేయండి. మిగతాది ఆరబెడితే బాగుపడుతుందనుకోవద్దు.

(ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులకు: ఇక్కడ గంజాయి సాగు 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద నేరం. ఒంటారియోలోనూ నాలుగు మొక్కల పరిమితి ఇంటికి, మనిషికి కాదు.)