గోళీల లెక్క కంఠస్థం చేయవద్దు

ఒంగోలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల కావలిలో మీ కాలేజీకి రాబోయే కంపెనీ కోడింగ్ పరీక్షతో పాటు వింత వింత పజిళ్లు కూడా అడుగుతుందని సీనియర్లు చెప్పారనీ, వాటి జవాబులన్నీ నీవు కంఠస్థం చేస్తున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఆ పని మానమని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

1994లో నేనూ అదే చేశాను. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్లి ఒక కంపెనీ ఇంటర్వ్యూలో కూర్చుంటే, తొమ్మిది గోళీల్లో బరువెక్కువైన ఒక్కదాన్ని తక్కెడతో రెండే తూకాల్లో పట్టుకోమన్నారు. జవాబు ముందే తెలుసు కనుక కాసేపు ఆలోచిస్తున్నట్లు నటించి, మూడేసి చొప్పున మూడు కుప్పలు పోయాలని చెప్పాను. వెంటనే ఇంటర్వ్యూ చేస్తున్నాయన, గోళీలు వంద ఉంటే ఎన్ని తూకాలు కావాలని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

జవాబు తెలిసినా, అందులోని కీలకం నాకు తెలియదు. తక్కెడ ఇచ్చే ఫలితాలు రెండు కావు, మూడు: ఎడమ పళ్లెం దిగవచ్చు, కుడి పళ్లెం దిగవచ్చు, రెండూ సమంగా నిలవవచ్చు. అందువల్ల ఒక్కో తూకంతో వెతకవలసిన గోళీలు మూడో వంతుకు తగ్గుతాయి. రెండు తూకాలకు 9, మూడింటికి 27, నాలుగింటికి 81, అయిదింటికి 243 వరకు తేల్చవచ్చు కనుక వందకు అయిదు తూకాలు చాలు. ఇది గ్రహించినవారిని అంకె మార్చి తికమక పెట్టలేరు. తర్వాత చాలా ఏళ్లు నేనే ఇంటర్వ్యూలు చేసినప్పుడు కూడా అంకె మార్చే చూసేవాణ్ణి.

2004లో గూగుల్ ఉద్యోగులను వెతుక్కోవడానికి తన పేరు వేయకుండా అమెరికాలో రోడ్డు పక్కన ఒక బోర్డు పెట్టింది. గణితంలోని ‘ఇ’ అనే స్థిరాంకపు (2.71828...) దశాంశాల్లో వరుసగా వచ్చే మొదటి పది అంకెల ప్రధాన సంఖ్యను కనుక్కుంటే, అదే ఒక వెబ్‌సైటు చిరునామా. జవాబు 7427466391, అది దశాంశ బిందువు తర్వాత 99వ అంకె దగ్గర మొదలవుతుంది. చూడడానికి భయం పుట్టించే ఈ లెక్కలో ఆ దశాంశాల నుంచి పదేసి అంకెల ముక్కలు తీసుకుని, సరిసంఖ్యలనూ 5తో ముగిసేవాటినీ ముందే తీసేసి, మిగిలినవాటిని ఒక్కోదాని వర్గమూలం వరకు ఉన్న సంఖ్యలతో, అంటే మహా అయితే లక్షలోపు సంఖ్యలతో భాగించి చూసే చిన్న ప్రోగ్రాం రాస్తే సరిపోతుంది. అది నీకు చేతనవును.

అయినా ఈ పజిళ్లతో నీ తెలివిని కొలుచుకోవద్దు. గూగుల్‌లో నియామకాల బాధ్యత చూసిన లాస్లో బాక్ 2013లో, ఇలాంటి చిక్కు ప్రశ్నలు అభ్యర్థి పనితనాన్ని ఏమాత్రం ముందుగా చెప్పలేవని బహిరంగంగానే ఒప్పుకున్నారు. నీ సమయంలో ఎక్కువ భాగం కోడింగ్‌కే కేటాయించు.

మన పిల్లలు లెక్క రాక కాదు, ఇంగ్లీషులో తప్పు దొర్లుతుందేమోనన్న భయంతో మౌనంగా ఉండి ఉద్యోగాలు పోగొట్టుకోవడం నేను కళ్లారా చూశాను. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ముందు తెలుగులోనే ఆలోచించి కాగితం మీద బొమ్మ గీసుకో, తర్వాత ఒక్కో మెట్టునూ చిన్న ఇంగ్లీషు వాక్యంలో పైకి చెప్పు. రోజూ అరగంట మీ చెల్లెలిని ఎదురుగా కూర్చోబెట్టుకుని సాధన చేయి. అడిగిన పజిల్ ముందే తెలిసినదైతే, తెలుసునని చెప్పెయ్యి.

ఆదివారం ఇక్కడికి వచ్చేలోగా ఇది చేసి తీసుకురా: పన్నెండు గోళీలు, ఒకటి తేడాగా ఉంది, బరువెక్కువో తక్కువో తెలియదు, మూడే తూకాలు. జవాబు వద్దు, మొదటి తూకానికి ఎన్ని గోళీలు వేశావో, ఎందుకు వేశావో చెబితే చాలు.

మీ పెదనాన్న