తూర్‌లో ఎప్పుడు సైకిలు, ఎప్పుడు పరుగు

చి. సుజాతకు ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లో ఈ తూర్ ఊళ్లో సీటొచ్చిందనీ, పరుగు మాననీ, సైకిలు కూడా కొంటాననీ రాశావు. రెండూ చెయ్యి. కానీ ఏడాది పొడవునా రెండూ సమానంగా సాగాలని మాత్రం పట్టుబట్టకు. ఇక్కడ ఏది ఎప్పుడో కాలమే తేలుస్తుంది.

నువ్వొచ్చే సెప్టెంబర్ సైకిలుది. షేర్ నది వెంట విలాంద్రి కోట దాకా వెళ్లు. 20 కిలోమీటర్లు కూడా ఉండదు, దారంతా దాదాపు చదును. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, సముద్రం వైపు నుంచి వీస్తుంది. విలాంద్రీ పడమరే కాబట్టి ఎదురుగాలి పోయేటప్పుడే, ఒంట్లో సత్తువ ఉండగానే తగులుతుంది. వచ్చేటప్పుడు గాలే తోస్తుంది. తూర్పున అంబ్వాజ్‌కి వెళ్తే లెక్క తిరగబడుతుంది, అలిసిపోయి ఏడుస్తూ రావాలి.

1896లో మొదలైన పారిస్-తూర్ సైకిలు పందెం అక్టోబర్‌లో గ్రామోం వీధిలో ముగుస్తుంది, చూడు. చూసొచ్చి నువ్వూ వాళ్లలాగే తొక్కబోకు. అప్పటికి ఆకులు రాలి, వానకి నాని, రోడ్డు జారుడుగా ఉంటుంది. ట్రామ్ పట్టాలు ఇంకా ప్రమాదం, వాటిని ఏటవాలుగా కాక నేరుగా అడ్డం దాటు.

అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబర్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి గానీ తెల్లారదు, సాయంత్రం అయిదింటికే పొద్దుగూకుతుంది. ఇక సైకిలు పక్కనపెట్టి బూట్లు కట్టు. చలిలో తొక్కితే నీ వేగమే ఈదురుగాలై వేళ్లు కొయ్యబారతాయి, బ్రేకు నొక్కలేవు. పరుగైతే పది నిమిషాల్లో ఒళ్లు కాగుతుంది. గుమ్మం దాటగానే కాస్త చలేసిందా, బట్టలు సరిపోయినట్టే. నూలు బనియను వద్దు, చెమటకి తడిసి ఒంటికి మంచులా అంటుకుంటుంది. అడవుల్లో ఫిబ్రవరి దాకా వేట సాగుతుంది, అటెళ్లకు. నది పొంగి దారి మీదికొస్తే పాదం లోతే కదా అని దిగకు.

తప్పక రాత్రి ఊరి బయట తొక్కాల్సొస్తే మెరిసే కోటు వేసుకోవాలి, అది చట్టం. చెవుల్లో పాటలు పెట్టుకుంటే 135 యూరోలు జరిమానా.

ఏప్రిల్‌కి మళ్లీ సైకిలు తియ్యి. వడగళ్లూ ఎండా ఒకే గంటలో వస్తాయి, పల్చటి వానకోటు జేబులో ఉండాలి.

బెజవాడ ఎండ చూసినదాన్ని, ఇదో లెక్కా అంటావని తెలుసు. వేసవిలో ఇక్కడి గడియారం సూర్యుడి కంటే దాదాపు రెండు గంటలు ముందుంటుంది. అసలు మధ్యాహ్నం రెండింటికి అవుతుంది, సాయంత్రం అయిదారింటికి గానీ వేడి ముదరదు. మన అలవాటు కొద్దీ చల్లబడిందనుకుని అయిదింటికి బయల్దేరితే మాడిపోతావు. పొద్దున్నే పోయి రా. దారిలో నీళ్లయిపోతే ఊరి శ్మశానం వెతుక్కో. మొహం చిట్లించకు, సైకిలు వాళ్లందరూ అక్కడి కుళాయిలోనే సీసా నింపుకుంటారు. 'నాన్ పొతాబ్ల్' అని రాసుంటే మాత్రం తాగకు. సోమవారం పల్లెల్లో రొట్టెల కొట్లు చాలావరకు మూస్తారు, తిండి వెంట తీసుకెళ్లు.

చేతి తొడుగులు అక్కడ కొనకు, ఈ చలికి ఆగవు. సైకిలు లైట్లు నా దగ్గరున్నాయి, ఇస్తాను.

మీ అత్తయ్య