బంతి లేని చోట చూడండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు స్క్రీన్ మీద 4-3-3 అని వేస్తారు, విజిల్ ఊదాక ఆ వరస ఎక్కడా కనిపించడం లేదు, మరి ఏది ఎలా చూడాలి అన్నది మొదటిది. ఇన్ని జట్ల జెర్సీల మీద బెట్టింగ్ కంపెనీల పేర్లు ఎందుకున్నాయి, తీసేస్తారంటున్నారు నిజమేనా అన్నది రెండోది. రెండింటికీ కలిపే జవాబు రాస్తున్నాను, ఎందుకంటే నా విషయంలో ఆ రెండోది మొదటిదాన్ని మింగేసింది. పదకొండేళ్లు అమెచ్యూర్ జట్లలో ఆడాను, ఎక్కువగా డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌గా. మధ్యలో రెండు సీజన్లు బెట్టింగ్‌లో పడ్డాను. ఇప్పుడు వారాంతాల్లో పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు ఆట నేర్పుతున్నాను.

ముందు అంకెల సంగతి. 4-3-3 అంటే గోల్‌కీపర్‌ని వదిలేసి వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు. దాన్ని ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పే అడ్రసు అనుకోండి. ఆట మొదలయ్యాక ఎవరూ ఇంట్లో కూర్చోరు. బంతి పోయిందంటే వింగర్లు, అంటే ముందు వరసలో రెండు అంచుల్లో ఆడేవాళ్లు, ఇద్దరూ వెనక్కి పరిగెత్తుకొస్తారు, అదే జట్టు 4-5-1 అయిపోతుంది. బంతి దొరికిందంటే ఫుల్‌బ్యాక్‌లు, అంటే వెనక వరసలో రెండు అంచుల్లో ఉండేవాళ్లు, పైకి వెళ్తారు, లేదా ఒకడు మధ్యలోకి దూరతాడు, అప్పుడు 3-2-5 లాంటి ఆకారం కనిపిస్తుంది. 2023 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ రికార్డింగ్ దొరికితే జాన్ స్టోన్స్‌ని మాత్రమే చూస్తూ ఒక అరగంట కూర్చోండి. పేరుకు డిఫెండర్. మాంచెస్టర్ సిటీ దగ్గర బంతి ఉన్నంతసేపూ అతను మిడ్‌ఫీల్డ్‌లో తిరుగుతుంటాడు, బంతి పోగానే వెనక వరసలోకి వచ్చేస్తాడు. స్క్రీన్ మీద వేసిన బొమ్మలో ఇదేదీ ఉండదు.

అందుకే కొత్తగా చూసేవాళ్లకు నేను చెప్పేది, ఒక జట్టుకు రెండు ఆకారాలుంటాయని గుర్తుపెట్టుకోమని. బంతి ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఒకటి. గోల్ కిక్ కొట్టబోయే ముందు కెమెరా కాస్త వెడల్పుగా చూపిస్తుంది. ఆ నాలుగైదు సెకన్లలో లెక్కపెట్టండి. వెనక ఎంతమంది ఉన్నారు, వాళ్ల ముందు ఒకడు నిలబడ్డాడా ఇద్దరా, సైడ్ లైన్‌ని ఆనుకుని ఎవరున్నారు. రెండు మూడు మ్యాచ్‌లు ఇలా చేస్తే కళ్లకు అలవాటవుతుంది.

ఇక నేను ఆడిన స్థానం. ఆటగాళ్లు దాన్ని 'సిక్స్' అంటారు. వెనక నలుగురికీ ముందు, మిగతా ఇద్దరు మిడ్‌ఫీల్డర్లకీ వెనక నిలబడేవాడు. అతనికి గోల్స్ ఉండవు, అసిస్టులూ, అంటే గోల్‌కి దారితీసే పాస్‌లూ, తక్కువే. అతను తన పని బాగా చేస్తే మైదానంలో ఏమీ జరగదు. అవతలి జట్టు మధ్యలోంచి రావాలనుకుని, దారి లేక, బంతిని పక్కకు తిప్పేస్తుంది. చూసేవాళ్లకు అది వాళ్లకు చేతకానట్టు కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఒకడు నిలబడి ఉండటం వల్లే ఆ పాస్ పడలేదు.

ఇది నాకు ఒక సెమీఫైనల్లో అర్థమైంది. అవతలి జట్టులో నంబర్ 10 కుర్రాడు మాటిమాటికీ ఎడమ పక్కకు జరుగుతున్నాడు. బంతి అతని దగ్గర లేదు, అయినా అతన్ని వదిలితే ఏమవుతుందోనని టెన్షన్ నాకు. వెంట వెళ్లాను, మహా అయితే పది అడుగులు. నేను వదిలిన ఖాళీలోంచి వాళ్ల ఇంకో మిడ్‌ఫీల్డర్ నేరుగా దూసుకెళ్లాడు. చివర్లో అడ్డుకోబోయిన మా సెంటర్‌బ్యాక్, అంటే వెనక వరస మధ్యలో ఆడేవాడు, కాలు జారి పడిపోయాడు, గోల్. గట్టు మీద వాళ్లంతా అతన్నే తిట్టారు. నన్ను ఒక్కరూ ఏమీ అనలేదు. హాఫ్ టైమ్‌లో కోచ్ నన్ను మైదానంలోకి తీసుకెళ్లి, తన నీళ్ల సీసా గడ్డి మీద నిలబెట్టాడు. "నువ్వు ఇక్కడే నిలబడి ఉంటే వాడు ఆ పరుగే తీసేవాడు కాదు" అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ సీసా ఉన్న చోటు ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

నాకు ఎదురైన చిక్కు ఈ ఆటలో చాలా పాతది. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ జట్టు ఇంగ్లండ్‌ని 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ నాందోర్ హిదెగ్‌కుటి ముందు నిలబడాల్సింది పోయి, మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి ఆడాడు. అతన్ని కాపలా కాయాల్సిన హ్యారీ జాన్‌స్టన్‌కి ఏం చేయాలో పాలుపోలేదు. వెంట వెళ్తే వెనక పెద్ద ఖాళీ, ఆ ఖాళీలోకి పుష్కాష్ లాంటివాళ్లు వచ్చేస్తారు. ఆగిపోతే హిదెగ్‌కుటిని పట్టించుకునేవాడే లేడు. ఆ రోజు హిదెగ్‌కుటి మూడు గోల్స్ కొట్టాడు. 2009 మేలో బార్సెలోనా కోచ్ గార్డియోలా అదే ఆలోచనతో మెస్సీని మధ్యలో ఆడించి, మాడ్రిడ్ మైదానంలోనే రియల్ మాడ్రిడ్ మీద 6-2తో గెలిచాడు. ఇప్పుడు 'ఫాల్స్ నైన్' అంటున్నది దీన్నే. డిఫెండర్‌ని వెళ్లాలా ఆగాలా అన్న సందిగ్ధంలో పెట్టడమే ఈ ఎత్తుగడలో కీలకం. అది తెలిశాక, బంతి తాకని ఆటగాడు ఎందుకు అటూ ఇటూ తిరుగుతున్నాడో మీకే కనిపించడం మొదలవుతుంది.

ఇక నా బెట్టింగ్ సంగతి. మోకాలి గాయంతో ఆరు నెలలు ఆటకు దూరమయ్యాను. ఆట చూడటం ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్లు ఆడినవాణ్ని, ఎవరు గెలుస్తారో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది అనుకుని ఒక యాప్ వేసుకున్నాను. మొదట ఎవరు గెలుస్తారన్న దాని మీదే పందెం. మ్యాచ్ అంతా అయితే గానీ ఫలితం తేలదు కదా, కొన్ని వారాలకే ఆ ఎదురుచూపు భరించలేకపోయాను. యాప్‌లో దానికీ ఏర్పాటుంది. మ్యాచ్ నడుస్తుండగానే తర్వాతి కార్నర్ ఎవరికి, తర్వాతి ఎల్లో కార్డ్ ఎవరికి, వచ్చే పది నిమిషాల్లో గోల్ పడుతుందా అని అడుగుతూనే ఉంటుంది. ఓ చేతిలో ఫోన్, కళ్లు ఓసారి టీవీ మీద, ఓసారి ఫోన్ మీద.

ఒక రాత్రి ఒక మ్యాచ్‌లో తొమ్మిదికి మించి కార్నర్లు వస్తాయని పందెం కాశాను. రెండో సగంలో ఒక జట్టు బంతిని తన పెనాల్టీ ఏరియా నుంచి మొదలుపెట్టి, అవతలివాళ్లకు ఒక్కసారి కూడా తాకనివ్వకుండా, చిన్న చిన్న పాస్‌లతో ఆ చివరిదాకా తీసుకెళ్లి గోల్ కొట్టింది. అంత అందమైన గోల్ ఆ సీజన్‌లో నేను ఇంకోటి చూడలేదు. ఆ క్షణంలో నాకు కోపం వచ్చింది. డిఫెండర్ కాలికి తగిలి బయటికి పోయుంటే కార్నర్ వచ్చేది కదా అని. మర్నాడు నాతో ఆడిన మిత్రుడు ఫోన్ చేసి, "ఆ గోల్‌లో వాళ్ల సిక్స్ ఎలా తిరిగాడో చూశావా" అని అడిగాడు. నేను చూడలేదు. పదకొండేళ్లు ఆ స్థానంలో నిలబడినవాణ్ని, ఆ కుర్రాడి నంబర్ కూడా చెప్పలేకపోయాను. డబ్బు పోయినప్పటికంటే ఆ ఫోన్ పెట్టేశాక ఎక్కువ బాధపడ్డాను.

మానేయడానికి ఆ తర్వాత కూడా చాలా నెలలు పట్టింది. మా అన్నయ్యకు అప్పులతో సహా మొత్తం చెప్పేశాను. అకౌంట్‌కి నన్ను మళ్లీ రానివ్వకుండా బ్లాక్ పెట్టించుకున్నాను. కొన్నాళ్లు నా డబ్బు లెక్క అన్నయ్య చేతిలోనే ఉంది. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పుడు అందులో ఉంటే, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. పోయింది తిరిగి రాబట్టాక చెబుదాం అనుకోకండి. ఆ రోజు కోసం నేనూ ఎదురుచూశాను, రాలేదు.

జెర్సీల విషయానికి వస్తాను. ఇంగ్లండ్‌లో ఇది 2002 ప్రాంతంలో ఫుల్‌హమ్ జెర్సీతో మొదలైంది. అక్కడి 2005 గ్యాంబ్లింగ్ చట్టం 2007లో అమల్లోకి వచ్చాక టీవీ ప్రకటనలకు తలుపులు తెరుచుకున్నాయి. 2024-25 సీజన్‌కి అక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ 20 క్లబ్బుల్లో 11 జట్ల ఛాతీ మీద బెట్టింగ్ పేర్లే. పెద్ద క్లబ్బులకు విమానయాన సంస్థలు, బ్యాంకులు దొరుకుతాయి. పట్టికలో మధ్యలో, కింద ఉండే క్లబ్బులకు ఇంకెవరూ ఇవ్వనంత డబ్బు వీళ్లు ఇస్తారు. ఆ మ్యాచ్‌లు ప్రపంచమంతా చూస్తారు కాబట్టి, కొన్ని కంపెనీలకు కావాల్సింది స్టేడియంలో కూర్చున్నవాళ్లు కూడా కాదు, దూరదేశాల్లో టీవీ చూసేవాళ్లు.

తీసేస్తారన్నది సగం నిజం. 2023 ఏప్రిల్‌లో ప్రీమియర్ లీగ్ క్లబ్బులే కూర్చుని, 2025-26 సీజన్ ముగిశాక జెర్సీ ముందు భాగం మీద బెట్టింగ్ పేర్లు ఉండకూడదని ఒప్పుకున్నాయి. చేతి మీద ఉండొచ్చు. మైదానం చుట్టూ మెరిసే బోర్డుల మీద ఉండొచ్చు. నా ఉద్దేశంలో ఇది చాలదు, కెమెరా బంతి వెంట ఎటు తిరిగినా ఆ బోర్డులే కనిపిస్తాయి. స్పెయిన్ ఇంకా గట్టిగా పోయింది, 2021-22 సీజన్ నుంచి జెర్సీల మీద పూర్తిగా తీసేయించింది. ఇటలీ 2018లోనే బెట్టింగ్ ప్రకటనల మీద నిషేధం తెచ్చింది. అయినా 2023లో ఇటలీ ఆటగాడు సాండ్రో టొనాలి అక్రమ సైట్లలో పందేలు కాసి పది నెలలు ఆటకు దూరమయ్యాడు. కాబట్టి ప్రకటన తీసేస్తే రోగం పోతుందని నేను అనను. కొత్తగా అంటుకునేవాళ్లు తగ్గుతారని మాత్రం గట్టిగా నమ్ముతాను. నేను వేసుకున్న యాప్ పేరు నాకు ఎవరో మిత్రుడు చెప్పింది కాదు, నేను ఇష్టపడే జట్టు ఛాతీ మీద చదివింది.

ఆటగాళ్ల పరిస్థితి ఇంకా బాధాకరం. ఇంగ్లండ్‌లో 2014 ఆగస్టు నుంచి ప్రొఫెషనల్ ఆటగాళ్లు ప్రపంచంలో ఎక్కడి ఫుట్‌బాల్ మీదా పందెం కాయకూడదు. సరైన నియమమే. 2023లో బ్రెంట్‌ఫర్డ్ స్ట్రైకర్ ఐవన్ టోనీ మీద 232 ఉల్లంఘనలు తేలాయి, ఎనిమిది నెలలు నిషేధించారు. అతను చేసింది తప్పే, నేను సమర్థించను. కానీ అతనికి వ్యసనం ఉందని విచారణలోనే తేలింది, అతను ప్రతి వారం వేసుకుని ఆడిన జెర్సీ మీద ఉన్నదీ ఒక బెట్టింగ్ కంపెనీ పేరే. అతని స్థానంలో నన్ను ఊహించుకుంటే నాకు ఊపిరాడదు.

అక్కడ పిల్లల సైజు జెర్సీల మీద బెట్టింగ్ పేర్లు వేయకూడదన్న నియమం ఉంది. కానీ పిల్లలు చూసేది పెద్దవాళ్ల జెర్సీలనే కదా. ఒకసారి ప్రాక్టీస్‌కి నా పాత జెర్సీ వేసుకెళ్లాను. ఒక పిల్లాడు నా ఛాతీ మీది అక్షరాలు వేలితో చూపించి, "సార్, ఈ కంపెనీ ఏం తయారుచేస్తుంది?" అని అడిగాడు. వాడికి నిజంగానే తెలియదు. ఏమీ తయారుచేయదు, జనం పోగొట్టుకునే డబ్బుతో నడుస్తుంది అని చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి మన జట్టు వాళ్ల పేరెందుకు మోస్తోంది?" అన్నాడు. ఆ జెర్సీ మళ్లీ వేసుకోలేదు.

మీరు చేయాల్సిందల్లా ఇది. వచ్చే మ్యాచ్‌కి ఫోన్ ఇంకో గదిలో పెట్టి కూర్చోండి. మొదటి పదిహేను నిమిషాలు బంతిని వదిలేసి ఒక జట్టు సిక్స్‌ని మాత్రమే చూడండి. బంతి తన దగ్గరికి వచ్చేలోపు తల తిప్పి వెనక ఎవరున్నారో ఎన్నిసార్లు చూసుకుంటున్నాడో లెక్కపెట్టండి. రోడ్రి లాంటి ఆటగాడైతే మీ లెక్క తప్పుతుంది, అంత తరచుగా చూస్తాడు. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతూ అతను 2024లో ఏడాదికి ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అవార్డు గెలిచినప్పుడు, ఆ స్థానంలో నిలబడినవాళ్లందరిలాగే నాకూ కళ్లు చెమర్చాయి. మీరు ఏ మ్యాచ్ చూశారో, అందులో సిక్స్ ఎప్పుడు తన చోటు వదిలి వెళ్లాడో, వెళ్లినప్పుడు ఆ ఖాళీలోకి ఎవరొచ్చారో ఇక్కడే రాయండి. నేనూ అదే మ్యాచ్ చూసి జవాబిస్తాను.