కోడ్‌కి కంపైలర్ కొర్రీలు: ప్రశ్నలు, జవాబులు

(ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.)

ప్రశ్న: సీ భాషలో ప్రాజెక్టు రాస్తున్నాను. -డబ్ల్యూఆల్, -డబ్ల్యూఎక్స్‌ట్రా పెడితే ‘అన్‌యూజ్డ్ పారామీటర్’ అంటూ స్క్రీన్ నిండా వార్నింగులు. ఒక్కటి కూడా లేకుండా తెమ్మన్నారు మా సార్. చిన్న అక్షరం -డబ్ల్యూ పెడితే అన్నీ పోతాయంటున్నాడు సీనియర్. పెట్టొచ్చా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, తిరుపతి

జవాబు: పెట్టొద్దు. దాంతో పనికొచ్చే వార్నింగులు కూడా పోతాయి. జీసీసీ (మీరు వాడే సీ కంపైలర్) ప్రతి వార్నింగు చివర చదరపు బ్రాకెట్లలో దాని పేరు చెబుతుంది. మీది -డబ్ల్యూఅన్‌యూజ్డ్-పారామీటర్. డబ్ల్యూఆల్ ఒక్కటే పెడితే ఇది రాదు, ఎక్స్‌ట్రా కూడా తోడైతేనే వస్తుంది. కాల్‌బ్యాక్ ఫంక్షన్లలో (మీరు రాస్తే లైబ్రరీ పిలిచేవి) ఇది ఉత్త అరుపే. అక్కడ ఏ పారామీటర్లు ఉండాలో లైబ్రరీ నిర్ణయిస్తుంది, వాటిలో మీకు అక్కర్లేనివీ ఉంటాయి. ఫంక్షన్ మొదట్లో (వాయిడ్)పారామ్; అని ఒక లైను రాస్తే చాలు. దానికి మెషీన్ కోడ్ ఏమీ పుట్టదు. సీప్లస్‌ప్లస్‌లో అయితే పేరు తీసేసి టైపు మాత్రం ఉంచండి. సీప్లస్‌ప్లస్ 17 నుంచి [[మేబీ_అన్‌యూజ్డ్]] కూడా ఉంది.

మీరే సొంతంగా రాసిన ఫంక్షన్‌లో ఇదే వార్నింగు వస్తే మాత్రం నోరు మూయించే ముందు ఒకసారి చదవండి. పొడవు, వెడల్పు తీసుకుని పొడవునే రెండుసార్లు గుణించిన ఫంక్షన్‌ని పట్టించేది ఇదే. నిజంగా అక్కర్లేని పారామీటరయితే పీకేయండి.

ప్రశ్న: పాల సేకరణ కేంద్రానికి బిల్లింగు ప్రోగ్రాం రాశాం. ఫ్యాట్ రీడింగు సరిగా ఉంటే ఒక గ్లోబల్ ఫ్లాగు 1 అవుతుంది. ఫ్లాగు 1 అయితేనే ‘రేటు’కి విలువ ఇస్తాం. మధ్యలో రసీదు ప్రింటు ఫంక్షన్ని పిలుస్తాం. ఆ తర్వాత మళ్లీ ఫ్లాగు చూసే రేటుతో గుణిస్తాం. అయినా రేటు ‘మేబీ అన్‌ఇనిషియలైజ్డ్’ అంటోంది, అదీ -ఓ2 (ప్రోగ్రాం వేగం పెంచే ఆప్టిమైజేషన్) పెడితేనే. మొదట్లోనే రేటుకి సున్నా ఇచ్చేస్తే సరిపోతుంది కదా?
– చిత్తూరు

జవాబు: వార్నింగు పోతుంది, చిక్కు మిగులుతుంది. రేపు ఎవరో కొత్త పాల రకం చేర్చి, ఆ దారిలో రేటు ఇవ్వడం మరిచారనుకోండి. కంపైలర్ ఇక ఏమీ అనదు. రైతు బిల్లు సున్నాగా అచ్చవుతుంది.

ముందు అది ఎందుకు అరుస్తోందో చూద్దాం. ఈ పరిశీలన ఆప్టిమైజర్ నడిచేటప్పుడు జరుగుతుంది కాబట్టి -ఓ0లో (ఆప్టిమైజేషన్ లేనప్పుడు) సాధారణంగా కనబడదు. ప్రింటు ఫంక్షన్ వేరే ఫైల్లో ఉంది, ఫ్లాగేమో గ్లోబల్. ఆ ఫంక్షన్ లోపల ఫ్లాగు మారదని కంపైలర్‌కి హామీ లేదు. అంటే దాని అనుమానానికి ఆధారం ఉంది, అది తప్పని మీకు మాత్రమే తెలుసు. ఆ తెలిసిన సంగతిని కోడ్‌లోనే చెప్పండి: మొదట్లో కాన్‌స్ట్ ఇంట్ ఓకే = ఫ్లాగ్; అని లోకల్‌గా తీసుకుని రెండు ఇఫ్‌లలోనూ ‘ఓకే’నే చూడండి. చాలాసార్లు దీంతోనే సద్దుమణుగుతుంది. అసలు ప్రింటుని కిందికి జరిపి రెండు ఇఫ్‌లనూ ఒకటి చేయగలిగితే ఇంకా మేలు. ఇంట్ రేట్ = రేట్; అన్న పాత చిట్కా జోలికి మాత్రం పోకండి. విలువ లేనిదాన్ని చదవడమే అది.

ఇవేవీ కుదరకపోతేనే ప్రాగ్మా, అంటే కోడ్‌లోంచే కంపైలర్‌కి ఇచ్చే ఆదేశం. వరుస ఇది:

#ప్రాగ్మా జీసీసీ డయాగ్నొస్టిక్ పుష్
#ప్రాగ్మా జీసీసీ డయాగ్నొస్టిక్ ఇగ్నోర్డ్ "-డబ్ల్యూమేబీ-అన్‌ఇనిషియలైజ్డ్"
(వార్నింగు వచ్చిన లైను)
#ప్రాగ్మా జీసీసీ డయాగ్నొస్టిక్ పాప్

చాలామంది దీన్ని డిక్లరేషన్ చుట్టూ పెట్టి, పనిచేయలేదంటారు. ఈ వార్నింగు పుట్టేది విలువ వాడిన చోట, అంటే గుణించే లైను దగ్గర. పాప్ మరిచిపోతే ఆ ఫైలు చివరిదాకా అణచివేతే. ఎందుకు అణచామో పక్కన ఒక కామెంటు ఉండాలి. క్లాంగ్ అనే మరో కంపైలర్‌కి ఈ వార్నింగు పేరే తెలియదు, తెలియని పేరని మళ్లీ అదో వార్నింగు ఇస్తుంది. దాన్ని తప్పించడానికి __జీఎన్‌యూసీ__ అనే మాక్రో (కంపైలర్ ముందే డిఫైన్ చేసే పేరు) ఉందా అని చూస్తే చాలదు, క్లాంగ్ కూడా దాన్ని డిఫైన్ చేస్తుంది. __క్లాంగ్__ లేదని కూడా చూడాలి.

ఈ వార్నింగు జీసీసీ వెర్షన్ మారితే ఒకచోట పోయి మరోచోట తేలే రకం. విసిగిపోయి లినక్స్ కెర్నెల్‌లో 2020లో మామూలు బిల్డ్‌కి దీన్ని ఆపేశారు. చిన్న ప్రోగ్రాంకి అంత దూరం పోనక్కర్లేదు.

ప్రశ్న: చిప్ కంపెనీ ఇచ్చిన హెడర్ ఫైళ్ల నుంచే వందల వార్నింగులు. మా కోడ్‌లోవి వాటి మధ్య కనబడటంలేదు. ఆ ఫైళ్లను మార్చొద్దన్నారు.
– ఫర్మ్‌వేర్ ట్రైనీ, రేణిగుంట

జవాబు: మేక్‌ఫైల్‌లో ఆ ఫోల్డరుకి -ఐ (పెద్ద అక్షరం) బదులు -ఐసిస్టమ్ రాయండి. సీమేక్ అయితే టార్గెట్_ఇన్‌క్లూడ్_డైరెక్టరీస్‌లో సిస్టమ్ అన్న మాట చేర్చండి. దీని ప్రభావం హెడర్ల వరకే. వాళ్ల .సీ ఫైళ్లకి ఆ ఫైళ్ల వరకే చిన్న డబ్ల్యూ ఇవ్వండి: వెండర్/%.ఓ: సీఫ్లాగ్స్ += -డబ్ల్యూ. దీన్ని వాడదగ్గ చోటు ఇదొక్కటే. -డబ్ల్యూనో- తర్వాత పేరు తప్పు కొట్టినా జీసీసీ గమ్మునుంటుంది, వేరే సందేశం ఏదైనా వచ్చినప్పుడే ఆ సంగతి బయటపెడుతుంది. కాబట్టి అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

ప్రశ్న: లూప్‌లో ఐ < స్ట్ర్‌లెన్(ఎస్) దగ్గర ‘సైన్-కంపేర్’ వార్నింగు. అన్నిచోట్లా (ఇంట్) అని కాస్ట్ చేస్తున్నా. పర్లేదా?
– పుత్తూరు

జవాబు: ఇది తప్పుడు వార్నింగు కాదు. స్ట్ర్‌లెన్ ఇచ్చేది సైజ్_టీ, అంటే మైనస్ ఉండని (అన్‌సైన్డ్) సంఖ్య. ఐ విలువ -1 అయితే పోల్చేముందు అది అన్‌సైన్డ్‌గా మారిపోతుంది. 32 బిట్ల మెషీన్‌లో అది 4294967295, కాబట్టి షరతు అబద్ధమవుతుంది. కాస్ట్‌లు తీసేసి ఐని సైజ్_టీగా డిక్లేర్ చేయండి. అయితే వెనక్కి లెక్కపెట్టే లూప్‌లో ఐ >= 0 అని రాయకండి. సైజ్_టీ ఎప్పుడూ సున్నా కంటే తగ్గదు గనక ఆ లూప్ ఆగదు. అక్కడ ఐని స్ట్ర్‌లెన్(ఎస్)తో మొదలుపెట్టి, షరతుగా ఐ-- > 0 అని రాయండి.