పాత ఇంట్లో షాక్: లోపం మీటరుకు ఏ వైపున ఉంది?

ప్రశ్న: కావలి దగ్గర పల్లెలో మా తాతగారు 1974లో కట్టిన పెంకుటిల్లు ఉంది. ఒక భాగంలో మా అమ్మగారు ఉంటారు, రెండో భాగం అద్దెకిచ్చాం. వైరింగ్ అంతా టేకు బద్దల మీద వేసిన పాత రబ్బరు వైరు. రెండేళ్లుగా ఫ్రిజ్‌ను, బోరు కుళాయిని ముట్టుకుంటే షాక్ కొడుతోంది. వాన పడితే గోడ కూడా కొడుతోంది. లోపం మీ ఇంట్లోనే ఉందని లైన్‌మన్ అంటున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) సరిగా లేదని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. పోయిన నెలలో కొట్టంలో ఇనుప స్తంభానికి కట్టిన బర్రె షాక్ కొట్టి చనిపోయింది. మీటరు ఇంకా తాతగారి పేరుతోనే ఉంది. మేము ఎవరిని అడగాలి?

జవాబు: ముందుగా ఒక మాట. ఈ ఉత్తరం చదివిన వెంటనే అమ్మగారికి ఫోన్ చేసి, అర్హుడైన వ్యక్తి వచ్చి పరీక్షించే వరకు ఫ్రిజ్, బోరు మోటారు వాడవద్దని, కొట్టానికి వెళ్లిన వైరును మెయిన్ దగ్గరే విడదీయించమని చెప్పండి. మెయిన్ స్విచ్ దించినా, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది కనుక, ఆ వైరును మోసే ఇనుప గొట్టాన్ని, తడిసిన గోడను ఎవరూ తాకకూడదు. అద్దెకున్నవారికీ ఈ సంగతి ఇవాళే తెలియజేయండి. బర్రె ప్రాణం తీసిన లోపం ఇంకా అక్కడే ఉన్నట్టు భావించే మనం నడుచుకోవాలి.

లైన్‌మన్ మాట, ఎలక్ట్రీషియన్ మాట ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తున్నా, రెండూ ఒకేసారి నిజమయ్యే అవకాశం ఉంది. అందుకే లోపం మీటరుకు ఏ వైపున ఉందో పరీక్షించి, ఆ ఫలితాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడమే మీ వ్యవహారంలో అసలు పని. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసి, 2023లో కొత్తగా తెచ్చిన భద్రతా నిబంధనల ప్రకారం, వినియోగదారుని ఆవరణలో తన అధీనంలో ఉన్న లైన్లను, పరికరాలను సురక్షితంగా ఉంచవలసింది సరఫరా సంస్థ. మీటరు దాటిన తరువాతి వైరింగ్‌ను సురక్షితంగా ఉంచుకోవలసింది వినియోగదారుడు. మీరు డబ్బు కట్టి వేయించుకున్న సర్వీసు లైనైనా, దాని నిర్వహణ సరఫరా సంస్థదే. చాలామందికి తెలియని విషయం మరొకటి ఉంది. సరఫరా మొదలయ్యే చోట వినియోగదారుని ఉపయోగం కోసం తగిన ఎర్త్ టెర్మినల్‌ను (ఇంటి ఎర్త్ వైరును కలిపే బిగింపును) ఏర్పాటు చేసి నిర్వహించవలసిన బాధ్యతను కూడా ఆ నిబంధనలు సంస్థ మీదే ఉంచాయి, అందుకయ్యే ఖర్చును అది రాబట్టుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ను రెండు వేర్వేరు కనెక్షన్లతో భూమికి కలిపి ఉంచడమూ సంస్థ విధే.

ఇక పరీక్ష. ఫేజును (కరెంటు తెచ్చే తీగను), న్యూట్రల్‌ను రెండింటినీ తెంచే మెయిన్ స్విచ్‌ను దించి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత ఇంటి ఎర్త్ వైరు మీద, కొట్టపు స్తంభం మీద వోల్టేజి కొలిపించాలి. పాత ఇళ్లలో కట్ అవుట్ (ఫ్యూజు బిగించే పెట్టె) ఒక్క ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది, కాబట్టి రెండూ తెగాయని నిర్ధారించుకోకుండా చేసిన పరీక్ష కోర్టులో నిలవదు. రెండూ తెగిన తరువాత కూడా వోల్టేజి కనిపిస్తే అది బయటి నుంచి వస్తున్నట్టే: సర్వీసు వైరు తొడుగు అరిగి ఇనుప గొట్టానికి తగులుతూ ఉండవచ్చు, లేదా పక్కింటి లీకేజీ భూమిలోంచి వస్తూ ఉండవచ్చు. వానకు గోడ కొడుతోందని మీరు రాశారు కనుక, ఆ గొట్టాన్ని నేను మొదట అనుమానిస్తాను.

రెండూ తెంచగానే వోల్టేజి మాయమైతే లోపం ఇంట్లో ఉంది. ఎండి పగిలిన రబ్బరు తొడుగులోంచి ఫేజు కారుతూ ఉండవచ్చు. దాన్ని 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటును ఎంత ఆపుతుందో కొలిచే పరికరంతో) ఒక నిమిషం పాటు పరీక్షిస్తారు, ఇన్సులేషన్ నిరోధం ఒక మెగా ఓమ్‌కు తగ్గకూడదు. లేదా ఎవరో ఎప్పుడో న్యూట్రల్‌ను, ఎర్త్‌ను ఇంట్లోనే కలిపి ఉండవచ్చు. మన పల్లెల్లో సర్వీసు న్యూట్రల్ బలహీనపడినప్పుడు లైటు వెలగడం కోసం ఎర్త్ గుంతనే (ఎర్త్ వైరును భూమికి కలిపే గుంతనే) న్యూట్రల్‌గా వాడుకోవడం నేను ఎన్నోచోట్ల చూశాను. అలా కలిపిన ఇంట్లో సంస్థ న్యూట్రల్ తెగిన రోజున, ఇంట్లోని లోడు కరెంటంతా ఆ గుంతలోకే పారుతుంది. గుంత ఎండి ఉంటే ఫ్రిజ్ తలుపుకూ, కుళాయికీ, స్తంభానికీ కరెంటు ఎక్కుతుంది. అప్పుడు తప్పు రెండు వైపులా ఉంటుంది, నష్టపరిహారం కూడా ఆ మేరకు తగ్గే అవకాశం ఉంది. పైగా ఎర్త్‌ను న్యూట్రల్‌గా వాడడం మీటరును తప్పుగా నడిపించే ప్రయత్నమన్న అనుమానానికి, దాంతో విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు దొంగతనం కేసుకు దారితీయవచ్చు. అటువంటి కలయిక ఉంటే, అది కనిపించిన స్థితిని నివేదికలో రాయించుకుని, ఆ వెంటనే విడదీయించండి. మీటరు సీలును మాత్రం మీరు గానీ, మీ ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోకూడదు.

ఎర్త్ గుంతను కూడా తవ్వించి చూడండి. సముద్రం దగ్గరి ఇసుక నేలల్లో ఉప్పు గాలికి, ఉప్పు నీటికి ఇనుప గొట్టం, దాని బిగింపులు తుప్పు పట్టి తెగిపోతాయి. ఉదయగిరి, కనిగిరి వైపు రాతి నేలల్లో వేసవికి గుంత పూర్తిగా ఎండిపోతుంది. రెండున్నర మీటర్ల గాల్వనైజ్డ్ గొట్టం దింపి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండడం మామూలు పద్ధతి.

ఫలితాలు చేతికి రాకముందే కరెంటు ఫిర్యాదుల ఫోన్ నంబరు 1912కు ఫిర్యాదు చేసి, వారిచ్చే ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోండి. తరువాత సరఫరా సంస్థలో మీ సెక్షన్ అసిస్టెంట్ ఇంజినీరుకు షాక్ వివరాలు, బర్రె చనిపోయిన తేదీ రాసి, సర్వీసు లైనును, న్యూట్రల్‌ను, ఎర్త్ టెర్మినల్‌ను పరీక్షించి లిఖితపూర్వకంగా తెలియజేయమని రిజిస్టర్డ్ పోస్టులో కోరండి. ప్రతిని ప్రభుత్వ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు కార్యాలయానికి పంపడం మరవకండి. స్పందన లేకపోతే విద్యుత్ చట్టం 2003లోని 42(5) కింద ఏర్పడిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అక్కడ న్యాయం జరగకపోతే 42(6) కింద విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఈ రెండు చోట్లా న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు.

బర్రె విషయంలో ఆలస్యం చేయవద్దు. అదే చట్టంలోని 161వ సెక్షన్ మనుషుల మరణాలకే కాక పశువుల మరణాలకూ వర్తిస్తుంది. అటువంటి ప్రమాదాన్ని ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలి, ప్రభుత్వం విచారణ జరిపించవచ్చు. పశువైద్యాధికారి శవపరీక్ష చేసి ఉంటే ఆ నివేదికను తీసుకోండి. చేయించకపోతే, ఫొటోలు, కళ్లారా చూసినవారి వాంగ్మూలాలు, పాలకేంద్రంలో పాలు పోసిన రసీదులు ఇప్పటికైనా సమకూర్చుకోవాలి.

సంస్థ లైను వల్లే చనిపోయిందని తేలితే, మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు, శైల్ కుమారి కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం మీకు బలం. తెగి రోడ్డు మీద పడిన కరెంటు తీగ తగిలి సైకిలు మీద వెళుతున్న వ్యక్తి చనిపోయిన ఆ కేసులో, ఎవరో దొంగతనంగా కరెంటు తీసుకున్నారన్న బోర్డు వాదన చెల్లలేదు. ప్రమాదకరమైన శక్తిని సరఫరా చేసేవారు, నిర్లక్ష్యం రుజువు కాకపోయినా, నష్టానికి బాధ్యులని కోర్టు తీర్పు చెప్పింది. అది మనిషి మరణానికి సంబంధించిన తీర్పే అయినా, పశు నష్టానికీ అదే సూత్రాన్ని వాదించవచ్చు. అయితే లోపం మీ వైరింగ్‌లో ఉందని తేలితే ఈ సూత్రం మీకు అక్కరకు రాదు. వాస్తవాలు వివాదాస్పదమైనప్పుడు రిట్ పిటిషన్ సరైన దారి కాదని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, నేరుగా హైకోర్టుకు వెళ్లమని నేను సలహా ఇవ్వను. నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయవచ్చు, లేదా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు.

ఇంటి వైరింగ్ మార్చే పనిని రాష్ట్ర లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత, పర్యవేక్షక అర్హత ఉన్న వ్యక్తి సమక్షంలోనే చేయించాలన్నది నిబంధన. బల్బు, ఫ్యూజు, స్విచ్ వంటివి మార్చుకోవడానికే మినహాయింపు ఉంది. 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకరును (కరెంటు భూమిలోకి కారగానే సరఫరాను తెంచే స్విచ్‌ను) తప్పకుండా పెట్టించండి. చిన్న లోడు కనెక్షన్లకు అది తప్పనిసరి కాకపోయినా, అమ్మగారు ఒంటరిగా ఉండే ఇంట్లో అది లేకుండా నేను ఊరుకోలేను.

అద్దెకున్నవారి విషయంలో, లోపం తెలిసి కూడా బాగు చేయించక, ఎవరికైనా ప్రాణహాని జరిగితే, భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యపు కేసు మీ మీదికే రావచ్చు.

మీటరు తాతగారి పేరున ఉండడం ఫిర్యాదుకు అడ్డు కాదు. విద్యుత్ చట్టంలోని 2(15) నిర్వచనం ప్రకారం, ఎవరి ఆవరణకు కనెక్షన్ ఉందో వారూ వినియోగదారులే. అయినా పరిహారం అడిగే రోజుకు చిక్కు లేకుండా, మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం, మిగిలిన వారసుల అంగీకార పత్రం జత చేసి పేరు మార్పుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. పరీక్షల నివేదిక, మీ ఇంజినీరుకు రాసిన ఉత్తరం ప్రతి నాకు పంపితే, నోటీసు ఎవరికి, ఏ మేరకు ఇవ్వాలో చెబుతాను.